కర్త లేని వాక్యం: ఉన్నత ప్రాథమిక వాచకాలలో సహజ వనరుల పాఠం – భాషాదృష్టితో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

పాఠశాల వాచకాన్ని సాహిత్య విమర్శ సాధారణంగా తన పరిధిలోకి తీసుకోదు. తెలుగు వాచకంలోని పద్యభాగాన్నీ గద్యభాగాన్నీ విశ్లేషించిన వ్యాసాలు ఉన్నా, సాంఘికశాస్త్ర పుస్తకంలోని గద్యాన్ని గద్యంగా చదివిన సందర్భాలు తక్కువ. కవిత్వం చదవని విద్యార్థి కూడా ఆ గద్యాన్ని చదువుతాడు. దాన్ని కంఠస్థం చేసి, పరీక్షలో తిరిగి రాస్తాడు. నేల, నీరు, రాయి, బొగ్గు, అడవి వంటివాటిని గురించి తెలుగులో ఎలా మాట్లాడాలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లవానికి నేర్పేది ప్రధానంగా ఆ వాక్యాలే. ఆ కారణంగా సహజ వనరుల పాఠం భౌగోళిక విషయంతోపాటు భాషా విషయం కూడా అవుతుంది.

ఈ పరిశీలనకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, దాన్ని ఆనుకొని ఉన్న తార్నాక ప్రాంతం అనువైన క్షేత్రం. 1918లో స్థాపితమైన ఈ విశ్వవిద్యాలయం ఆధునిక విజ్ఞానాన్ని ఒక భారతీయ భాషలో, అంటే ఉర్దూలో, బోధించడానికి పూనుకున్నది. అందుకోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పాఠ్యగ్రంథాలనూ పారిభాషిక పదాలనూ సిద్ధం చేసింది. అంతకుముందే, 1906లో, విజ్ఞానచంద్రికా మండలి ఇదే హైదరాబాదులో తెలుగులో శాస్త్రగ్రంథాల ప్రచురణకు సంకల్పించింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఆ పనిని ఉన్నత విద్యాస్థాయిలో కొనసాగించింది. ఈ ప్రయత్నాలన్నిటిలో ముందుకు వచ్చిన ప్రశ్న పదానికి సంబంధించినది: ఏ శాస్త్రపదానికి ఏ దేశభాషాపదం సరిపోతుంది? వాక్యాన్ని గురించిన ప్రశ్నకు అంత ప్రాధాన్యం దక్కలేదు. పదం కుదిరితే వాక్యం దానంతట అదే కుదురుతుందన్న నమ్మకం పారిభాషిక పదనిర్మాణ చర్చలో అంతర్లీనంగా ఉన్నది. సహజ వనరుల పాఠం విషయంలో ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

‘లభించు’ అనే క్రియ

సహజ వనరుల పాఠానికి స్థిరపడిన వాక్యనిర్మాణం ఒకటి ఉన్నది. ‘తెలంగాణలో బొగ్గు విస్తారంగా లభిస్తుంది’ అనేది దానికి నమూనా. ఇది ఏ ఒక్క పుస్తకం నుంచీ తీసుకున్నది కాదు. పాఠశాల చదువు ముగించిన ఏ తెలుగువారైనా ఇటువంటి వాక్యాన్ని అప్రయత్నంగా తయారు చేయగలరు. ఖనిజం పేరు, దొరికే చోటు, క్రియ అనే మూడు అంశాలతో ఇది పూర్తవుతుంది. దీని వెంట ఉపయోగాన్ని తెలిపే మరో వాక్యం వస్తుంది. పరీక్షలో ఇది ‘జతపరచండి’ అనే ప్రశ్నగా మారుతుంది.

తెలుగులో ‘లభించు’ అనే క్రియ స్వభావాన్ని ఇక్కడ గమనించాలి. ‘అతనికి ఉద్యోగం లభించింది’, ‘ఆమెకు న్యాయం లభించింది’ వంటి వాక్యాలలో ఈ క్రియ ఎవరికి అనే అంశాన్ని కోరుతుంది. పొందేవారు లేకుండా లభించడం అన్న భావన పూర్తి కాదు. వనరుల పాఠంలో మాత్రం ‘కు’ ఉండవలసిన చోట ‘లో’ నిలుస్తుంది. ‘తెలంగాణలో లభిస్తుంది’ అన్నప్పుడు వాక్యం నిండుగా వినిపిస్తుంది కాబట్టి, ఎవరికి లభిస్తుందన్న ప్రశ్న లేచే అవకాశం ఉండదు. పొందేవారి స్థానాన్ని ప్రదేశం ఆక్రమించింది.

ఈ మార్పు విద్యార్థి దృష్టికి రాకపోవడానికి వ్యాకరణ బోధన కూడా కొంత కారణం. ‘కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్’ అన్న ప్రత్యయాలను షష్ఠీ విభక్తి కింద ఒకే వరుసగా వల్లె వేయించడం తెలుగు తరగతి ఆచారం. ‘కు’, ‘లో’ ఒకే గుంపులో ఉండడం వల్ల వాటి మధ్య ఉన్న అర్థభేదం కనుమరుగవుతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) కారకాలకు ప్రత్యేకంగా ఒక పరిచ్ఛేదాన్నే కేటాయించింది. పాఠశాలకు చేరేసరికి మిగిలినది ప్రత్యయాల పట్టిక మాత్రమే. విభక్తుల పట్టికనూ ఖనిజాల పట్టికనూ విద్యార్థి ఒకే వయసులో, పక్కపక్క పీరియడ్లలో కంఠస్థం చేస్తాడు. ఆ రెండింటినీ కలిపి చూపే అవకాశం ఏ ఉపాధ్యాయునికీ కలగదు.

ఇక్కడ ఒక ఆక్షేపణను పరిగణించాలి. శాస్త్రగద్యం వ్యక్తినిరపేక్షంగా ఉండడం దోషం కాదు, గుణం. దక్కను పీఠభూమిలోని హైదరాబాదు ప్రాంతపు గ్రానైటు శిలలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. వాటి పుట్టుకలో మనిషి ప్రమేయం లేదు. ‘గ్రానైటు ఏర్పడింది’ అన్న వాక్యంలో మనుష్యకర్తను వెదకడం అసంగతం. ఈ ఆక్షేపణ సమంజసమైనదే. అయితే అది ‘ఏర్పడు’ అన్న క్రియకు వర్తించినట్లుగా ‘లభించు’ అన్న క్రియకు వర్తించదు. శిల ఏర్పడడం ప్రకృతి చరిత్ర. అది లభించడం మానవ చరిత్ర. మొదటిదానికి తగిన వాక్యనిర్మాణాన్ని రెండవదానికీ వాడినప్పుడు, శ్రమ, యాజమాన్యం, పంపిణీ అన్నీ ప్రకృతి ధర్మాలుగా కనిపిస్తాయి. ‘వనరులు ఉండవు, అవి అవుతాయి’ అన్న అర్థంలో ఎరిక్ జిమ్మర్మన్ 1933లో చేసిన ప్రతిపాదన అర్థశాస్త్రంలో ప్రసిద్ధం. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి ఎనిమిదవ తరగతి భూగోళశాస్త్ర పుస్తకం కూడా కాలం, సాంకేతికత పదార్థాన్ని వనరుగా మారుస్తాయని బోధిస్తుంది. నిర్వచనంలో ఒప్పుకున్న ఈ మార్పు వాక్యాలలో ప్రతిఫలించకపోవడమే విమర్శకు విషయం.

కారకదృష్టి: ఆర్ట్స్ కళాశాల రాయి

క్రియతో నామవాచకానికి గల సంబంధమే కారకం. కర్త, కర్మ, కరణం, సంప్రదానం, అపాదానం, అధికరణం అన్న ఆరింటినీ వనరుల పాఠానికి ప్రశ్నలుగా మార్చవచ్చు. ఎవరు తీశారు? దేన్ని తీశారు? దేనితో? ఎవరి కోసం? ఎక్కడి నుంచి వేరు చేశారు? ఎక్కడ? రూఢమైన పాఠం వీటిలో రెండింటికే, అంటే కర్మకూ అధికరణానికీ, సమాధానం చెబుతుంది.

ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనం ఈ ప్రశ్నలకు మంచి ఉదాహరణ. 1934లో శంకుస్థాపన జరిగి, 1939లో ప్రారంభమైన ఈ కట్టడం గులాబీ ఛాయ గల గ్రానైటుతో నిర్మితమైనది. దీని వాస్తుశిల్పిగా బెల్జియంకు చెందిన ఎర్నెస్ట్ జాస్పర్ పేరును చరిత్ర పుస్తకాలు పేర్కొంటాయి. పోషకునిగా ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు విశ్వవిద్యాలయం పేరులోనే ఉన్నది. రాయిని పగులగొట్టినవారి పేర్లు మాత్రం ఆ కథనాలలో వినిపించవు.

ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న మాణికేశ్వర్‌నగర్‌ను నేటికీ వడ్డెర బస్తీ అని పిలుస్తారు. రాతిపని, మట్టిపని వడ్డెరల కులవృత్తులు. బండలోని పొరను చూపుతోనే గుర్తించడం, సమ్మెట దెబ్బ ఎక్కడ పడాలో నిర్ణయించడం, పగిలిన బండను దూలంగానో పలకగానో కంకరగానో వేరు చేయడం తరతరాలుగా వచ్చిన విద్య. ఆ బస్తీ నుంచి బడికి వచ్చే పిల్లవాడు ‘తెలంగాణలో గ్రానైటు లభిస్తుంది’ అన్న వాక్యాన్ని చదివినప్పుడు, తన ఇంటి వృత్తి ఆ వాక్యంలో ఎక్కడా కనిపించదు. గ్రానైటు గురించి తరగతిలో అందరికంటే ఎక్కువ చెప్పగల కుటుంబం అతనిది కావచ్చు. అయినా పరీక్షలో అతడు జిల్లా పేరు రాస్తేనే మార్కు వస్తుంది. కర్త లేని వాక్యం ఒక పిల్లవాని జ్ఞానాన్ని అజ్ఞానంగా మార్చగలదు. పాఠం భాష గురించి జరిగే చర్చ శైలిచర్చగా ముగియకూడదనడానికి కారణం ఇదే.

పూర్వవాఙ్మయంలో వనరు: పోరుమామిళ్ల శాసనం

కర్తను విడవకుండా వనరును వర్ణించడం తెలుగునేలకు కొత్త కాదు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం దీనికి సాక్ష్యం. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు చెరువు కట్టించిన సందర్భంలో వేసిన ఈ శాసనం, ప్రధానంగా సంస్కృత శ్లోకాలలో ఉన్నది. చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ అది లెక్కించి చెబుతుంది.

ఆ పన్నెండింటి కూర్పును గమనించాలి. గట్టి బంకనేల, తీయని నీటి ప్రవాహం, కొండల మధ్య రాతికట్ట, విశాలమైన లోతైన గర్భం, పొడవైన తిన్నని రాళ్లు దొరికే గని వంటి ప్రకృతి అంగాలు అందులో ఉన్నాయి. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, నిర్మాణంలో నేర్పరులైన పనివారి సమూహం కూడా అదే జాబితాలో భాగాలు. పనివారిని చెరువుకు వెలుపల ఉన్న శ్రామికులుగా కాక చెరువు అంగాలలో ఒకటిగా శాసనకర్త లెక్కించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తేవడానికి వంద బండ్లు, రెండేళ్ల కాలం అన్న వివరాలు కూడా శాసనంలో ఉన్నాయి. కర్త, కరణం, కాలం మూడూ నమోదైనాయి.

దోషాల జాబితా మరింత ఆలోచింపజేస్తుంది. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, నడుమ మిట్ట వంటి భౌతికదోషాలతోపాటు, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం కూడా చెరువుకు దోషమే. నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడమూ, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడమూ దోషాలే. నీటికీ దాన్ని వాడుకునేవారికీ మధ్య ఉండవలసిన పొందికే ఇక్కడ వనరు స్వరూపం. కృష్ణానదీ జలాలపై అంతర్రాష్ట్ర వివాదాలను ఎరిగిన నేటి పాఠకునికి సరిహద్దు దోషాన్ని వివరించవలసిన పని లేదు. ఆముక్తమాల్యద నాల్గవ ఆశ్వాసంలోని రాజనీతి భాగం కూడా ఇదే కోవకు చెందుతుంది. దేశం చిన్నదైనా కుంటలు, కాలువలు కల్పించి, పేదరైతుకు పన్నులో వెసులుబాటు ఇస్తేనే అర్థం, ధర్మం వృద్ధి పొందుతాయని అక్కడి తాత్పర్యం.

అయితే ఈ వాఙ్మయాన్ని ఆదర్శీకరించనవసరం లేదు. పోరుమామిళ్ల శాసనం పనివారి నేర్పును గుర్తించింది కాని వారి పేర్లను చెక్కలేదు. కీర్తి రాజుకే చెందింది. వాక్యంలో కర్తకు చోటు ఉండడం న్యాయానికి మొదటి మెట్టు మాత్రమే.

పదజాలం: వనరు, బాయి, మత్తడి

‘వనరు’ అన్న పదం ప్రాచీనకావ్యాలలో క్రియగా, దుఃఖించు అన్న అర్థంలో కనిపిస్తుంది. నామవాచకంగా వీలు, అనువు, ఆధారం అన్న ఛాయలు దానికి ఉన్నాయి. ఈ రెండు రూపాల పోలికపై వ్యాఖ్యానాలు అల్లనవసరం లేదు. ఉపయోగపడేది రెండవ అర్థమే. అనువు ఎప్పుడూ ఒకరికి అనువు, ఒక పనికి అనువు. దేశ్యపదమైన వనరులో సంబంధసూచన సహజంగా ఉన్నది. ‘సహజ వనరులు’ అన్న సమాసంగా పట్టికలకు శీర్షిక అయినప్పుడు ఆ సూచన వెనుకకు పోయి, వస్తువుల రాశి అన్న అర్థం మిగిలింది.

పనివారి పదజాలం ఇందుకు భిన్నంగా నడుస్తుంది. సింగరేణి ప్రాంత ప్రజలు బొగ్గుగనిని ‘బాయి’ అంటారు. పొలానికి నీరు పెట్టే బావికీ అదే మాట. రైతు కుటుంబాల నుంచి గని పనికి వెళ్లినవారు కొత్త అనుభవాన్ని తమకు తెలిసిన మాటతో పిలుచుకున్నారు. నీటి కోసం దిగిన బాయి, కూలి కోసం దిగిన బాయి అన్న రెండు జీవితాలు ఆ ఒక్క పదంలో కలిసి ఉన్నాయి. చెరువు విషయంలోనూ ఇంతే. తూము, మత్తడి, కట్ట, శిఖం, ఆయకట్టు అన్న పదాలు చెరువు అవయవాల పేర్లు మాత్రమే కావు, వాడకపు నియమాలను తెలిపే మాటలు. శిఖం అంటే నీరు నిలిచే భూమి, నీరు తగ్గినప్పుడు దాన్ని ఎవరు దున్నుకోవచ్చునన్న హక్కు ప్రశ్న దానితోనే వస్తుంది. తూము తెరిచే నీరటికాడు వృత్తిపరమైన కర్త. ‘జలవనరులు’ అన్న ఒక్క శీర్షిక ఈ నియమాలన్నిటినీ మింగివేస్తుంది. తెలంగాణలో మత్తడి, కోస్తా, రాయలసీమలలో అలుగు అన్న భేదాన్ని పాఠం చెబితే, ప్రామాణికతకు లోటు రాదు. విద్యార్థికి తన ఊరి మాట శాస్త్రపదమే అన్న భరోసా కలుగుతుంది.

ఒకే రాయి, విడివిడి పాఠాలు

కారకాలను తొలగించినప్పుడు వాక్యాల మధ్య అన్వయం కూడా తెగిపోతుంది. నేల, నీరు, ఖనిజాలు, అడవులు అన్న అంశాలు వేర్వేరు విభాగాలుగా విడిపోతాయి. నల్గొండ ప్రాంతంలో మాత్రం ఆ విభజన నిలవదు. అక్కడి గ్రానైటు శిలలలోని ఫ్లోరైడు భూగర్భజలంలో కరుగుతుంది. ఆ నీటిని ఏళ్ల తరబడి తాగినవారి పళ్లనూ ఎముకలనూ అది దెబ్బతీస్తుంది. ఒక పాఠంలో సంపదగా కీర్తి పొందిన శిలే మరో పాఠంలోని తాగునీటికి విషం కలిపింది. పట్టిక రూపంలోని పాఠం ఈ రెండింటినీ ఒకే వాక్యంలోకి తేలేదు.

తార్నాక ప్రాంతానికి గల విశేషం ఇక్కడే తెలుస్తుంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఇక్కడ ఉన్నది. 1970లలో నల్గొండ ప్రాంతంలో ఫ్లోరోసిస్‌తో పాటు కనిపించిన మోకాళ్ల వంకరను ఈ సంస్థ పరిశోధకులు అధ్యయనం చేశారు. భూమి పొరలనూ భూగర్భజలాన్నీ పరిశోధించే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (1961) ఉప్పల్ రోడ్డున ఉన్నది. 1944లో మొదలై అనంతరం ప్రాంతీయ పరిశోధనశాలగా పనిచేసిన నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో, బొగ్గును పొగ తక్కువగల ఇంధనంగా మార్చే కార్బనీకరణ పరిశోధనలు జరిగాయి. ఆర్ట్స్ కళాశాల మెట్ల నుంచి కొద్ది కిలోమీటర్ల పరిధిలో రాయి, నీరు, ఎముక, బొగ్గు అన్నీ పరిశోధనాంశాలుగా ఉన్నాయి. వాటి మధ్య నివసించే వడ్డెర బస్తీ ఉన్నది. ఈ స్థలాన్ని పాఠంగా చదివిన విద్యార్థికి వనరులు పట్టికగా కాక పరస్పర సంబంధాలుగా అర్థమవుతాయి.

2011 తరువాతి వాచకాలు: ఒక మలుపు, ఒక పరిమితి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి రాష్ట్ర విద్యాప్రణాళిక పరిధి పత్రం అనంతరం వెలువడిన సాంఘికశాస్త్ర పుస్తకాలు ఈ దిశలో ఒక మలుపు. ఆరవ తరగతిలో కృష్ణా డెల్టాలోని పెనమకూరు, పీఠభూమిలోని దోకూరు, కొండలలోని పెనుగోలు అన్న నిజమైన గ్రామాల ద్వారా భూస్వరూపాలను పరిచయం చేశారు. ఏడవ తరగతిలో చెరువులు, భూగర్భజలాలు ఒకే పాఠంలోకి వచ్చాయి. ఎనిమిదవ తరగతిలో అడవుల వినియోగం, సంరక్షణ ఒక పాఠం, ఖనిజాలు, గనుల తవ్వకం మరో పాఠం. చివరి శీర్షికలో ‘తవ్వకం’ అన్న మాట రావడమే గమనార్హం. తవ్వకం అన్నాక తవ్వేవారు ఎవరన్న ప్రశ్న తప్పదు. ఆ మేరకు ఈ పుస్తకాల రచయితలు పాఠ్యగద్యానికి చేసిన మేలును గుర్తించాలి.

పరిమితి మరోచోట ఉన్నది. గ్రామాన్ని వర్ణించే కథనంలో మనుషులు కర్తలుగా కనిపిస్తారు. ఖనిజాల వివరణకు వచ్చేసరికి పట్టిక మళ్లీ ప్రవేశిస్తుంది. పాఠ్యపుస్తకం మారినా ప్రశ్నపత్రమూ గైడు పుస్తకమూ పట్టిక భాగాన్నే పైకి తీస్తాయి. సింగరేణి బొగ్గును ఉదాహరణగా తీసుకుంటే, 1871లో విలియం కింగ్ బొగ్గు నిక్షేపాలను గుర్తించడం, 1889లో ఇల్లందులో తవ్వకం మొదలుకావడం, నేడు సంస్థలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉండడం తేలికగా ప్రశ్నలవుతాయి. ఓపెన్‌కాస్టు గని కోసం ఊరు ఖాళీ చేసినవారు ఎక్కడికి వెళ్లారన్నది ప్రశ్న కాదు. వ్యాకరణ పరిభాషలో అది అపాదానం, అంటే విడివడడానికి ఆధారమైన చోటు. తరగతిలో చమత్కారం కోసం వాడదగిన పోలిక కాదిది. షెడ్యూల్డు ప్రాంతాలలో గనుల లీజులపై 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు పరిష్కరించినది సారాంశంలో ఒక కారక సమస్యనే: ఆ నేల ఎవరి నుంచి ఎవరికి పోవచ్చు?

ముగింపు

సహజ వనరుల పాఠంలోని లోపం సమాచారపు కొరతలో కాక వాక్యనిర్మాణంలో ఉన్నదని ఈ పరిశీలన తేల్చుతున్నది. ‘ఏర్పడు’ అన్న క్రియకు తగిన నిర్వ్యక్తిక నిర్మాణాన్ని ‘లభించు’కు వర్తింపజేయడం, ‘ఎవరికి’ అన్న స్థానాన్ని ‘ఎక్కడ’తో నింపడం, శ్రామికుల పదజాలాన్ని పారిభాషిక శీర్షికల కింద అణచడం అన్న మూడు లక్షణాలు కలిసి ఒక భాషాభ్యాసాన్ని రూపొందిస్తున్నాయి. ఆ అభ్యాసంలో పెరిగిన విద్యార్థి దేశసంపదను గురించి తప్పులేని తెలుగులో మాట్లాడగలడు. ఆ సంపదను ఎవరు తీశారు, ఎవరు పొందారు, ఎవరు కోల్పోయారు అని అడగడానికి వాక్యం అతని దగ్గర ఉండదు.

పరిష్కారానికి కొత్త పాఠ్యపుస్తకం కోసం ఎదురుచూడవలసిన అవసరం లేదు. ఉన్న పాఠంలోని ఏ పట్టికనైనా తీసుకొని, ప్రతి వరుసకు ఆరు కారక ప్రశ్నలు వేయించడం తెలుగు ఉపాధ్యాయుడూ సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడూ కలిసి ఒక పీరియడులో చేయగల పని. దానివల్ల విభక్తుల పాఠానికి ప్రయోజనం, వనరుల పాఠానికి ప్రాణం వస్తాయి. పాఠ్యగద్యాన్ని పరిశీలించడం, శ్రామిక పదజాలాన్ని ప్రాంతభేదాలతో సేకరించి వాచక రచయితలకు అందించడం విశ్వవిద్యాలయ తెలుగు శాఖల వంతు. ఉస్మానియాకు ఆ క్షేత్రం దూరంగా లేదు. ఆర్ట్స్ కళాశాల గోడల్లోని రాయికీ, ప్రాంగణం అంచున ఉన్న వడ్డెర బస్తీకీ మధ్య నడిచి వెళ్లగలిగినంత దూరమే ఉన్నది. ఆ రెండింటినీ ఒకే వాక్యంలో చెప్పగల తెలుగు పాఠం ఇంకా రావలసి ఉన్నది.